తెల్ల పెట్టె మీద చిక్కుడు పందిరి

మన డిగ్రీలమ్మను కిందటి వారం ఎక్కడ వదిలిపెట్టామో గుర్తుందిగా? నగర ఆరోగ్య కార్యాలయం మొదటి అంతస్తులో, సమావేశం గది తలుపు ముందు, ఒక చేతిలో మెమో, మరో చేతిలో మూత సరిగా పట్టని నీళ్ల సీసాతో. వారం రోజులుగా ఆవిడను అక్కడే నిలబెట్టి ఉంచినందుకు ఈ కథకుడి మీద కొందరు కోప్పడ్డారట. కోపం న్యాయమే. ఇవాళ లోపలికి తీసుకెళ్తాను.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం మాత్రం నాలుగు ముక్కలు చెప్పాలి. డిగ్రీలమ్మ రేకుల వీధికి ఆరోగ్య కార్యకర్త. చదివింది పదో తరగతి. ఆ పేరు చదువు వల్ల వచ్చింది కాదు, పొద్దున లేస్తే "ఇవాళ ఎన్ని డిగ్రీలు?" అంటూ ఇల్లిల్లూ తిరగడం వల్ల వచ్చింది. కిందటి ఎండాకాలంలో ఆ వీధి ఇస్త్రీ తాత మిట్టమధ్యాహ్నం పని బల్ల పక్కనే ఒరిగిపోయాడు. ఆసుపత్రి కాగితం మీద 'గుండె ఆగింది' అని రాశారు. "గుండె ఆగకుండా చచ్చేవాళ్లెవరయ్యా!" అని ఆవిడ ఆ రోజు వరండాలో అరిచిన అరుపు అక్కడివాళ్లకు ఇప్పటికీ జ్ఞాపకమే.

అరిచి ఊరుకునే మనిషి కాదు కదా. ఆడపడుచును కూర్చోబెట్టుకుంది. ఆడపడుచు ఆ ఆసుపత్రిలోనే ఎమర్జెన్సీ వార్డుకు హెడ్ నర్సు. వదినా మరదళ్లిద్దరూ భోజనాల బల్ల దగ్గర మూడు నెలలు కూర్చుని ఎండదెబ్బ ప్రణాళిక ఒకటి రాశారు. ఎర్ర హెచ్చరిక ఇచ్చిన రోజున బడి హాళ్లు చల్లటి గదులుగా తెరవాలి. పదకొండు నుంచి అయిదు దాకా బయటి పనులు ఆపాలి. అంబులెన్సులు ఆసుపత్రి గేటు దగ్గర కాక పనులు జరిగే చోటే కాచుకుని ఉండాలి. వార్డులో మంచునీళ్ల తొట్లు సిద్ధంగా ఉండాలి. వదినా ఆడపడుచులు ఒకే బల్ల దగ్గర మూడు నెలలు పోట్లాడుకోకుండా కూర్చోవడమే పెద్ద వింత అని ఆవిడ మొగుడు, బస్సు డ్రైవరు, తన బస్సెక్కిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు.

కార్యాలయం ఆ ప్రణాళికను మెచ్చుకుంది, బైండు చేయించింది, బీరువాలో పెట్టింది. అది బయటికి రావాలంటే ఒక్కటే షరతు. కార్యాలయం వెనక పెరట్లో ఉన్న తెల్ల పెట్టెలోని థర్మామీటరు మధ్యాహ్నం రెండింటికి నలభై ఒక్క డిగ్రీలు చూపించాలి, అదీ వరసగా రెండు రోజులు. రేకుల వీధి పెనంలా కాలిపోతున్నా ఆ పెట్టె మాత్రం ముప్ఫై తొమ్మిది దాటలేదు. ఓర్పు నశించి, నాలుగు రోజుల కిందట ఆవిడ ఏ ఉత్తర్వూ లేకుండానే బడి హాలు తాళం తీయించింది. అందుకే ఈ మెమో. ఇవాళ సాయంత్రం నాలుగులోపు హెచ్చరిక రాకపోతే హాలుకు తాళం, ఆవిడకు ఉద్వాసన.

ఆవిడ తలుపు తోసింది.

లోపల దుప్పటి కప్పుకోవాలనిపించేంత చలి. బల్లకు ఆ చివర పెద్దసారు, ఆయన పక్కన ఉపాధికారి. పెద్దసారును చాటుగా అందరూ కొలబద్ద అంటారు. అబద్ధం ఆడడు, లంచం ముట్టడు, గీత దాటడు. అలాంటివాడితో పోట్లాడటం కన్నా దొంగతో పోట్లాడటం తేలిక. దొంగకు తను చేసేది తప్పని కనీసం తెలిసి ఉంటుంది.

"కూర్చోండమ్మా," అన్నాడు పెద్దసారు.

"నిలబడే చెప్తానండి. కూర్చుంటే ఈ చలికి నిద్రొస్తుంది."

ఉపాధికారి నవ్వు ఆపుకోలేక దగ్గాడు. పెద్దసారు నవ్వలేదు. చెక్కిన పెన్సిలు తీసి కాగితం మీద ఆనించాడు.

"నిన్న రెండింటికి మన పెట్టెలో ముప్ఫై ఎనిమిది పాయింట్ ఏడు. నలభై ఒకటి దాటకుండా హాలు ఎందుకు తెరిచారు?"

"మా బడి ఆవరణలోని పెట్టెలో నిన్న రెండింటికి నలభై రెండు పాయింట్ ఆరండి."

"ఆ పెట్టె మీ వీధి వడ్రంగి చేసింది."

"వడ్రంగి చేయక పెట్టెలు పోలీసులు చేస్తారాండీ? మీరిచ్చిన నియమాల పుస్తకంలో బొమ్మ చూసే చేశాడు. కాళ్ల ఎత్తు అంగుళం తేడా లేదు."

"చూడండమ్మా. మధ్యలో ఉన్నది రెండు మైళ్లు. తేడా నాలుగు డిగ్రీలు. రెండు కొలతల్లో ఒకటి తప్పు. పాతికేళ్లుగా ఉన్న పెట్టెను నమ్మమంటారా, మొన్న పుట్టినదాన్నా?"

ఆవిడ మనసు బడి హాలు మీదికి పోయింది. ఆ హాల్లో ఈ నిమిషాన అరవై ముగ్గురున్నారు. కాళ్లు వాచిన దర్జీ తాత ఉన్నాడు. నెలలు నిండిన మనిషి ఒకావిడ తడి గుడ్డ మెడకు చుట్టుకుని గోడ వారగా పడుకుని ఉంది. పుట్టి పదహారు రోజులైన పసిగుడ్డు ఉంది. నాలుగింటికి వీళ్లందర్నీ మళ్లీ ఆ రేకుల కిందికి పంపాలి. భయమేసింది ఆవిడకు. ఉద్యోగం పోతుందని కాదు, అది పోతే ఇంకొకటి చూసుకుంటుంది. ఇంకొక కాగితం మీద 'గుండె ఆగింది' అని చదవాల్సి వస్తుందని.

అప్పుడే తలుపు తెరుచుకుని అటెండరు చీటీ పట్టుకొచ్చాడు. రోజూ రెండింటికి పెట్టె తెరిచి అంకె చదివేది అతనే.

"ముప్ఫై ఎనిమిది పాయింట్ తొమ్మిది సార్."

"విన్నారుగా," అన్నాడు ఉపాధికారి, పాపం అన్నట్టే.

ఆవిడ వినలేదు. ఆవిడ చూపు నేల మీద ఉంది. ఇరవై ఏళ్లుగా దోమల కోసం ఇంటింటా నిలవ నీరు వెతికిన కళ్లవి. ఎక్కడ తడి కనిపించినా దాటిపోలేవు. తలుపు దగ్గర్నుంచి బల్ల దాకా, తళతళలాడే పాలరాయి మీద, అటెండరు చెప్పుల అచ్చులు నల్లగా, తాజాగా ఉన్నాయి.

"అన్నా, చెప్పులకు బురదేంటి?"

"పెట్టె దగ్గర అంటిందమ్మా."

"వాన చుక్క పడి మూడు నెలలైంది. పెట్టె దగ్గర బురద ఎక్కణ్ణుంచి వచ్చింది?"

అటెండరు ఆవిడను చూశాడు, పెద్దసారును చూశాడు, తన చెప్పులను చూసుకున్నాడు. "మాలి తాత కాస్త నీళ్లు చల్లుతాడండీ. రోజూ చల్లుతాడు," అన్నాడు.

పెద్దసారు పెన్సిలు ఆగిపోయింది.

"ఎక్కడ చల్లుతాడు?" అన్నాడు లేచి నిలబడుతూ.

మెట్లు దిగి వెనక తలుపు తీయగానే ఉడుకుతున్న గిన్నె మూత తీసినట్టు వేడి మొహానికి కొట్టింది. పెద్దసారు ఒక అడుగు వెనక్కి వేశాడు. కారు దిగి గదిలోకి, గదిలోంచి కారులోకి తప్ప ఆ వేళప్పుడు ఆయన బయట నిలబడి ఎన్నేళ్లయిందో. ముందు డిగ్రీలమ్మ, వెనక ఆయన, ఆ వెనక ఫైలు నెత్తిన పెట్టుకుని ఉపాధికారి, అందరి వెనక ఇవాళ తనకేదో మూడిందనుకుంటున్న అటెండరు. పెరట్లో పెట్టె కనపడలేదు. పెట్టె ఉండాల్సిన చోట పచ్చటి గుట్ట ఒకటి ఉంది.

దగ్గరికెళ్లి చూస్తే అది పందిరి. నాలుగు వెదురు గుంజలు, వాటి మీద దట్టంగా అల్లుకున్న చిక్కుడు తీగ, పడమటి వైపు నీళ్లోడుతూ వేలాడే గోనె పట్టా. ఆ నీడలో, తడి నేల మీద, పెళ్లికూతురిలా తెల్ల పెట్టె. పక్కన గొట్టం పట్టుకుని మాలి తాత. మొహం వెలిగిపోతోంది.

"రండి సార్, రండి! ఎన్నాళ్లకు మా తోట చూడ్డానికొచ్చారు!"

"ఇదంతా ఎవరు చేశారు?" పెద్దసారు పందిరి చుట్టూ చూశాడు.

"నేనే సార్. అయిదేళ్లయింది. ఈ అటెండరు అబ్బాయి ఇక్కడే కళ్లు తిరిగి పడిపోయాడు, పెట్టె తలుపు తీసి అంకె చదివేలోపే. రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. మనిషి కన్నా అంకె ఎక్కువా అనిపించింది సార్. అందుకని పందిరి వేశాను. రెండు గంటలకు పావుగంట ముందు నేల తడుపుతాను, వీడికి కాళ్లు కాలకుండా. పెట్టె కూడా చల్లగా ఉంటుంది కదా! ఆ కాపు చూడండి సార్, ఇంత ఎండలో ఎలా కాసిందో!"

ఎండను కొలిచేవాడికి ఎండ తగలకూడదని ఈ మహానుభావుడు ఎండ కొలిచే పెట్టెకే గొడుగు పట్టాడు.

డిగ్రీలమ్మకు ముందు నవ్వొచ్చింది. నవ్వు పెదాల దాకా వచ్చి అక్కడే ఏడుపైంది. అయిదు ఎండాకాలాలు! ఇస్త్రీ తాత ఒరిగిపోయిన రోజున ఈ పెట్టెలో ఎంత ఉందో ఆవిడకు నోటికొచ్చు. ముప్ఫై తొమ్మిది. మాలి తాత మీద కోపం తెచ్చుకుందామని చూసింది, రాలేదు. ఆ కార్యాలయం మొత్తంలో ఎండ నుంచి ఒక మనిషిని కాపాడాలని చేసిన పని ఏదైనా ఉంటే అది ఈ పందిరి ఒక్కటే.

"సార్, ఇది బయట పొక్కితే పరువు పోతుంది," ఉపాధికారి గొంతు తగ్గించాడు. "ఈ సాయంత్రమే పందిరి తీయించేద్దాం. రేపు, ఎల్లుండి సరైన కొలతలు తీసుకుందాం. నలభై ఒకటి దాటితే అప్పుడు హెచ్చరిక ఇద్దాం. ఎలాగూ నియమం ప్రకారం రెండు రోజులు కావాలి కదా."

పెద్దసారు నెమ్మదిగా తలాడించాడు. నియమం అన్న మాట వినపడితే ఆయన తల దానంతటదే ఊగుతుంది.

"రెండు రోజులా!" డిగ్రీలమ్మ గొంతు పెరడంతా మోగింది. "నాలుగింటికి హాలుకు తాళం పడుతుందండీ. ఈ రెండు రోజులూ ఆ అరవై ముగ్గురూ ఎక్కడుండాలి? ఈ పందిరి కిందా?"

"నియమం మీ కోసమో నా కోసమో మారదమ్మా," అన్నాడు పెద్దసారు. కఠినంగా అనలేదు, ఆయన మొహమూ బాగా వాడిపోయి ఉంది.

ఆవిడ నీళ్ల సీసా నేల మీద పెట్టింది. చెంగుతో మొహం తుడుచుకుంది. కొలబద్దతో పోట్లాడాలంటే కొలబద్దతోనే పోట్లాడాలని ఆ క్షణంలో ఆవిడకు తట్టింది.

"మార్చొద్దు సార్. నియమాల పుస్తకంలో ఉన్నదే చదవండి. పదకొండో పేజీ. 'పెట్టె మీద చెట్టు నీడ గానీ గోడ నీడ గానీ పడరాదు. చుట్టుపక్కల నేలను తడపరాదు. అట్లున్న పెట్టె కొలత చెల్లదు.' తక్కువ చూపిస్తుందని రాయలేదు సార్, చెల్లదని రాశారు. అంటే నిన్నటి ముప్ఫై ఎనిమిది ముప్ఫై ఎనిమిదే కాదు. నిన్నా ఇవాళా ఈ ఆఫీసులో అసలు కొలతే లేదు."

పెద్దసారు ఆవిడ వైపు మొదటిసారి పూర్తిగా తిరిగాడు.

"కొలత లేని రోజు ఏం చేయాలో దాని కిందే ఉంది," అంది ఆవిడ, ఊపిరి తీసుకుని. "'అట్టి సందర్భమున, అయిదు మైళ్లలోపు నియమానుసారం నిర్మించిన మరొక పెట్టె ఉన్నచో, దాని కొలతను స్వీకరించవలెను.' ఉంది సార్. రెండు మైళ్లలోనే ఉంది. మొన్న పుట్టింది."

మాలి తాత చేతిలో గొట్టం నీళ్లు కారుతూనే ఉంది. ఎవరికీ కట్టేయమనాలని తోచలేదు. పెద్దసారు కళ్లద్దాలు తీశాడు, తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"నియమానుసారం నిర్మించినదో కాదో చూడాలి. స్టోరులో సీలు వేసిన థర్మామీటరు ఉంది, తెప్పించండి. కొలిచే టేపు కూడా. నేనే వస్తాను," అన్నాడు.

మూడూ అయిదుకు ఆయన కారు రేకుల వీధి బడి ముందు ఆగింది. వడ్రంగి ముందే వచ్చి తన పెట్టె పక్కన, పరీక్షకు పిల్లను తీసుకొచ్చిన తండ్రిలా నిలబడ్డాడు. పెద్దసారు ఇస్త్రీ ప్యాంటుతోనే మోకాళ్ల మీద కూర్చుని పెట్టె కాళ్లు కొలిచాడు. గాలి ఆడేందుకు పక్కల్లో పెట్టిన చెక్క రెక్కల మధ్య సందులు కొలిచాడు. గోడకెంత దూరమో, చెట్టుకెంత దూరమో కొలిచాడు. పుస్తకం తెరిచి ఒక్కొక్క అంకె పక్కనా టిక్కు పెట్టాడు. చెమట గడ్డం మీంచి పుస్తకంలో పడుతోంది.

"కాళ్లు పావు అంగుళం ఎక్కువున్నాయి," అన్నాడు.

వడ్రంగి పెట్టె కాళ్ల వైపు వంగాడు. "నేల కుంగుతుందని కాస్త వదిలానండీ…"

"పర్వాలేదు. అర అంగుళం దాకా ఒప్పుకుంటారు."

సీలు తీసిన థర్మామీటరును పెట్టెలో ఉన్న పాతదాని పక్కనే వేలాడదీశారు. పది నిమిషాలు ఆగాలి. ఆ పది నిమిషాలూ ఆయన నీడలోకి వెళ్లలేదు. డిగ్రీలమ్మ కూడా వెళ్లలేదు, వెళ్తే ఓడిపోయినట్టని మొండితనం. హాలు కిటికీల్లోంచి మొహాలు వరసగా చూస్తున్నాయి. దర్జీ తాత ఎవరినో "ఏమంటున్నారు, ఏమంటున్నారు" అని గొణుగుతున్నాడు. పసిగుడ్డు ఏడ్చి ఊరుకుంది.

పెద్దసారు పెట్టె తలుపు తీసి వంగాడు.

"సీలు వేసింది నలభై మూడు పాయింట్ ఒకటి. మీది..." ఇంకాస్త వంగాడు. "నలభై మూడు పాయింట్ రెండు." తల ఎత్తాడు. "రెండింటికి ఎంతుంది, నిన్నా ఇవాళా?"

"నిన్న నలభై రెండు పాయింట్ ఆరు, ఇవాళ నలభై మూడు సార్. రెండింటికి వడ్రంగి చూసి రాశాడు."

"రెండు రోజులు," అన్నాడు ఆయన, తనలో తనే అనుకున్నట్టు. హెచ్చరిక కాగితం తీసి కారు బానెట్ మీద పెట్టబోయి, చెయ్యి చురుక్కుమని వెనక్కి లాక్కున్నాడు. వడ్రంగి పరుగున పలక ఒకటి తెచ్చి పట్టుకున్నాడు. దాని మీద పెట్టి, మూడూ ముప్ఫై ఆరుకు, ఈ నగర చరిత్రలో మొట్టమొదటి ఎర్ర హెచ్చరిక మీద పెద్దసారు సంతకం చేశాడు.

ఆ తర్వాత చేయి చాచాడు. "మెమో ఇవ్వండి."

చించేస్తాడేమో అనుకున్నారు అందరూ. కాగితాలు చించే మనిషా ఆయన! అడుగున గుండ్రటి చేతిరాతతో 'సమాధానం అందినది. సంతృప్తికరం' అని రాసి, తేదీ వేసి, తిరిగి ఇచ్చాడు.

హాల్లోంచి లేచిన కేక నేను రాయలేను, మీరే ఊహించుకోండి. దర్జీ తాత వాచిన కాళ్లతోనే లేచి నిలబడ్డాడు. వడ్రంగి తన పెట్టెను ముద్దు పెట్టుకోబోయి చుట్టూ చూసి మానుకున్నాడు. డిగ్రీలమ్మ మాత్రం గడప మీద కూలబడి, చెంగు మొహానికి అడ్డం పెట్టుకుని, తనివితీరా ఏడ్చింది. ఆవిడ ఏడుస్తుంటే చూడటం ఆ వీధికి అదే మొదలు.

ఏడుపుకు అట్టే వ్యవధి దొరకలేదు. పావుగంటలో ఊరి సైరన్ మోగింది. బీరువాలో నిద్రపోతున్న ప్రణాళిక కాళ్లొచ్చి లేచింది. కొత్త రహదారి దగ్గర తారు పని ఆపించారు. అంబులెన్సు ఒకటి వెళ్లి అక్కడే నిలబడింది. బడి హాళ్ల తాళాలు మాత్రం సెలవులకు ఊళ్లెళ్లిన హెడ్మాస్టర్ల దగ్గరే ఉండిపోయాయి. అయిదు కొడుతుండగా ఆడపడుచు ఫోను.

"వదినా! మొదటి తొట్టి పనికొచ్చిందే! తారు పనివాడు, పని ఆపి చెట్టు కిందికి నడుస్తూ నడుస్తూ పడిపోయాడంట. అంబులెన్సు పక్కనే ఉందిగా, ఆరు నిమిషాల్లో నా ముందున్నాడు. ఒళ్లు నలభై రెండు డిగ్రీలు, మనిషికి తెలివి లేదు. మంచునీళ్లలో ముంచేశాం."

"ఎలా ఉన్నాడే? చెప్పవే తల్లీ!"

"ఎలా ఉన్నాడా? అరగంటకల్లా కళ్లు తెరిచి, నా చెప్పులేవి అని నా మీదే కేకలేస్తున్నాడు! కొత్తవంట. అవి దొరికేదాకా తొట్లోంచి లేవనంటున్నాడు."

డిగ్రీలమ్మ పెద్దగా నవ్వింది. ఫోనులో ఆడపడుచు నవ్వింది. ఆ నవ్వుల మధ్య ఇద్దరిలో ఎవరో ముక్కు ఎగబీల్చారు, ఎవరన్నది ఇద్దరూ ఒప్పుకోలేదు. నిరుడు ఇదే వార్డుకు ఇస్త్రీ తాతను తెచ్చేసరికి గంటన్నర పట్టింది. ఇవాళ ఆరు నిమిషాలు.

ఆరింటికి ఫోను మళ్లీ మోగింది. ఈసారి పెద్దసారు. వెనకాల గుంజలు పీకుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"పందిరి పక్కకు మార్పిస్తున్నాను. తీగ పాడవకుండా తీయమన్నాను," అన్నాడు. "వాతావరణ శాఖ నుంచి ఇప్పుడే కబురొచ్చింది. ఎల్లుండి నలభై ఆరు దాటుతుందంట. ఊరంతా."

ఆవిడ కూర్చున్నదల్లా లేచింది.

"ఎండ పని మొత్తానికి ఒక మనిషిని బాధ్యురాలిగా పెట్టాలని ప్రణాళికలో మీరే రాశారు. ఎవరిని పెట్టాలో మాత్రం రాయలేదు. మీ పేరు రాసి సంతకం చేశాను."

"నన్నా సార్? నేను రేకుల వీధి మనిషిని. పదో తరగతి…"

"పదకొండో పేజీ కంఠతా వచ్చినవాళ్లు ఈ ఊళ్లో ఇంకెవరూ లేరమ్మా. నాక్కూడా రాదు."

ఆవిడ చెంగు నడుముకు దోపింది.

"ఎంత టైముంది సార్?"

"నలభై గంటలు."

"ఎన్ని హాళ్లు కావాలి?"

"ముప్ఫై ఆరు. లెక్క వేశాను."

"వాటిల్లో ఇప్పటికి ఎన్ని తెరిచి ఉన్నాయి?"

కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వచ్చింది, తర్వాత ఆగింది.

"మీదొక్కటే."